మా నాయన బతికే ఉన్నాడు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఏడున్నరకి నెల్లూరు నుంచి మా నాయన ఫోను. మామూలుగా ఆయన తొమ్మిదికి ముందు చెయ్యడు, అందుకని ఎత్తేలోపే నాకు సగం టెన్షన్ వచ్చేసింది. "ఏంది పాపా, నన్ను పైకి పంపించేశావే" అన్నాడు. నవ్వుతున్నాడో కోపంగా ఉన్నాడో గొంతును బట్టి తెలియలేదు.

సంగతేంటంటే, మూడేళ్ళ కింద ఈ బ్లాగులోనే ఒక పోస్టు రాశాను, పాతవాళ్ళకి గుర్తుండొచ్చు. నేను ఏడో తరగతిలో ఉండగా నాయన నన్ను పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు తీసుకొచ్చి, సెంట్రల్ పక్కన పాత పుస్తకాల కొట్లలో వచ్చీరాని తమిళంలో గంటసేపు బేరమాడి ఒక అట్లాసు కొనిపెట్టాడు. దాంతో రాత్రి భోజనానికి డబ్బులు చాలక ఇద్దరం చెరొక అరటిపండుతో సరిపెట్టుకున్నాం. తిరుగు రైల్లో గూడూరు దాకా ఆయనే ఆ అట్లాసు నాకివ్వకుండా చూస్తూ కూర్చున్నాడు. అంతే పోస్టు. దానికి ముగింపంటూ కూడా ఏం లేదు, గూడూరు దగ్గర బోగీలో లైట్లు ఆరిపోతే అప్పుడు మూసి నా ఒళ్ళో పెట్టాడు, అక్కడ ఆపేశాను.

ఆ రోజు పొద్దున నాయన వాకింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది అదే. నా పేరు లేదు. "నాయన" అన్న చోటల్లా "నాన్నగారు" అయింది. నెల్లూరు కాస్తా రాజమండ్రి అయింది (పినాకిని బయల్దేరేదే బెజవాడలో, ఆ నాన్నగారు రాజమండ్రిలో దాన్ని ఎలా ఎక్కారో మరి!). చివర్లో మాత్రం కొత్తగా ఒక పేరా మొలిచింది. ఆ అట్లాసు ఈ రోజుకీ నా బీరువాలో ఉంది, నాన్నగారే లేరు, అమ్మానాన్నలు ఉండగానే వాళ్ళ విలువ తెలుసుకోండి, నాలుగు దండం బొమ్మలు. దాని కింద ఒకే ఒక్క మాట: సేకరణ.

"అరటిపండు దగ్గరికి రాంగానే ఇది మనదే గదా అనుకున్యా, తీరా కింద చూస్తే నేను పోయుండా" అన్నాడు నాయన. అట్లాసు కూడా నా బీరువాలో లేదు, ఆయన దగ్గరే ఉంది, ఇప్పటికీ ఇవ్వడు.

సాయంత్రానికి అది చెన్నైలో మేముండే కొళత్తూరు చేరింది. మా ఫ్లాట్స్ మూడో అంతస్తు ఆంటీ నాకే పంపారు, "తప్పకుండా చదువమ్మా, కళ్ళనీళ్ళు ఆగలేదు" అని. అది నేను రాసిందే ఆంటీ, మా నాయన నిక్షేపంగా ఉన్నాడు అని చెప్తే ఆవిడ ముందు సంతోషపడ్డారు, తర్వాత కొంచెం నొచ్చుకున్నారు. "మాది అని ఎవరూ చెప్పుకోలేదు కదమ్మా, సేకరణ అనే పెట్టారు కదా" అన్నారు.

ఆ మాట దగ్గర నేను వారం రోజులు ఇరుక్కుపోయాను. ఎందుకంటే ఆవిడ చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఎవరో రాసింది తనదని చెప్పుకోకపోవడం ఒక రకమైన నిజాయితీయే. మన వారపత్రికల్లో జోకుల కిందా, చిట్కాల కిందా, "మీకు తెలుసా"ల కిందా "సేకరణ" అని వేసి పంపినవాళ్ళ పేరూ ఊరూ వేసేవాళ్ళు, గుర్తుందా? నేను కూడా కాలేజీలో ఉండగా రెండు పంపాను, ఒకటి పడింది, పత్రిక కాయితం కత్తిరించి పర్సులో పెట్టుకుని తిరిగాను. ఆ జోకు ఎవరు పుట్టించారో నాకు తెలీదు, అడగాలని కూడా తోచలేదు. ఏరినవాళ్ళ పేరు ఉండేది, పండించినవాళ్ళ పేరు ఉండేది కాదు. ఇప్పుడు ఫార్వర్డుల్లో ఆ ఏరినవాళ్ళ పేరు కూడా ఎగిరిపోయి ఉత్త మాట మిగిలింది.

అసలు సేకరణ అంటే చిన్న పని కాదు. బ్రౌన్ దొర తాళపత్రాలు సేకరించాడంటే దొరికిందల్లా మూటగట్టాడని కాదు, ఒకే కావ్యానికి రకరకాల ప్రతులు తెప్పించి, పండితులకు జీతాలిచ్చి వాటిని పక్కపక్కన పెట్టించి, ఏ పాఠం సరైందో తేల్చేందుకు ఏళ్ళకేళ్ళు కూర్చున్నాడు. ఆయన పోగుచేసినవి ఇక్కడ మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తకాలయానికే చేరాయి. 1829లో ఆయన వేమన పద్యాలు అచ్చువేసినప్పుడు పైన వేమన పేరుంది. అయినా వేమనకి బ్రౌన్ దయ అక్కర్లేదు లెండి, ఆయన ముందే జాగ్రత్తపడి పేరును పద్యంలోనే కుట్టేసుకున్నాడు. మకుటం తీసేస్తే పద్యం కుంటుతుంది. త్యాగయ్య కృతిలో ముద్ర, అన్నమయ్య పదంలో వేంకటేశుడు, క్షేత్రయ్యకి మువ్వగోపాలుడు, వీళ్ళెవరికీ కాపీరైట్ చట్టం తెలీదు గానీ పాట ఎక్కడికి వెళ్ళినా చిరునామా దాంతోపాటే వెళ్ళే ఏర్పాటు చేసుకున్నారు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, ఎవరెవరో రాసిన పద్యాలకి చివర వేమన మకుటం తగిలించి వదిలేశారు, ఏది ఆయనదో తేల్చలేక పండితులు ఇప్పటికీ తలలు పట్టుకుంటారు. ఇప్పుడు కనిపించిన సూక్తికల్లా కలాం గారి పేరు పెట్టేస్తున్నట్టే అనుకోండి.

సరే, కోపం కొంచెం తగ్గాక మా బ్లాకులోనే ఉండే లాయరు గారిని పట్టుకున్నాను. హైకోర్టులో ప్రాక్టీసు, నెమ్మదస్తులు, ఆదివారం పూట కాఫీ ఇస్తే ఓపిగ్గా చెప్తారు. ఆయన చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇది. మన చట్టం 1957 నాటిది. రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషను అక్కర్లేదు, కింద ఆ సున్నాలో సీ గుర్తు పెట్టకపోయినా పోయేదేం లేదు. అది రచయిత బతికినంత కాలం, పోయాక ఆ మరుసటి సంవత్సరం మొదలు ఇంకో 60 ఏళ్ళు నడుస్తుంది. మొదట 50 ఏళ్ళే ఉండేది, 1941లో పోయిన టాగోర్ రచనల గడువు ముగిసే వేళకి దాన్ని పెంచారు, 1992 సవరణ అది. ఈ లెక్కన గురజాడ, వీరేశలింగం, గిడుగు మనందరి సొత్తు. శ్రీశ్రీ 1983లో ఇక్కడే మద్రాసులో పోయారు కాబట్టి 2043 ఆఖరు దాకా కాదు. నెట్‌లో దొరుకుతోంది కదా అన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు.

హక్కు ఉండేది రాసిన తీరు మీద, ఊహ మీద కాదు. 1978లోనే సుప్రీంకోర్టు ఒక నాటకానికీ సినిమాకీ మధ్య వచ్చిన గొడవలో ఈ సంగతి తేల్చేసింది. కాబట్టి రేపు ఎవరైనా తండ్రి, రైలు, పుస్తకం పెట్టి సొంతంగా ఇంకో కథ రాస్తే నేను కిమ్మనడానికి లేదు. నాయనలూ రైళ్ళూ అందరికీ ఉన్నాయి. నా వాక్యాలు మాత్రం నావి.

57వ సెక్షన్ అని ఒకటుంది, అది నాకు బాగా నచ్చింది. ఇది డబ్బుకి సంబంధించింది కాదు. హక్కులు మొత్తం ఎవరికో అమ్మేసుకున్నా సరే రచయిత దగ్గరే మిగిలిపోయేవి రెండు: ఇది నేను రాశానని చెప్పుకోవడం, తన పరువుకి భంగం కలిగేలా దాన్ని చెడగొడితే అడ్డుపడడం. "మీ విషయంలో రెండూ జరిగాయి మేడమ్" అని లాయరు గారు ఏదో శుభవార్త చెప్పినట్టు ఉత్సాహపడ్డారు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడబెరికి గోదాములో పడేస్తే, ఆయన ఏళ్ళ తరబడి పోరాడి 2005లో గెలిచారట. శిల్పం సొంతదారు ప్రభుత్వమే, డబ్బిచ్చి చేయించుకుంది, అయినా దాన్ని పాడుచేసే హక్కు దానికి లేదని ఢిల్లీ హైకోర్టు చెప్పి, ఆ మిగిలిన ముక్కలు ఆయనకు ఇప్పించింది, పైన 5 లక్షల పరిహారం. వినడానికి చాలా బాగుంది. కానీ నా కేసులో ఎవరి మీద వేస్తాం? ఫార్వర్డుకి తలా తోకా ఉండదు. మా నాయన చనిపోయాడని రాయడం వల్ల నా పరువు ఎంత పోయిందో జడ్జిగారికి లెక్క చెప్పాలి, పైగా నాయన్నే సాక్షిగా తీసుకురావాలి. ఆయన వస్తాడు, మళ్ళీ అట్లాసు కూడా తెస్తాడు, అదే భయం.

ప్రకటనలు పెట్టుకుని అదే పోస్టును వేసుకున్న ఒక సైటు మాత్రం కనిపించింది. దానికి నా పాత పోస్టు తేదీ, లింకు పెట్టి మెయిల్ రాశాను. వేరేవాళ్ళు పెట్టినవాటికి చోటిచ్చే సైట్లయితే, అలా రాతపూర్వకంగా ఫిర్యాదు అందిన 36 గంటల్లో దాన్ని ఆపాలి, ఫిర్యాదు చేసినవాళ్ళు 21 రోజుల్లో కోర్టు ఆర్డరు తేకపోతే మళ్ళీ పెట్టుకోవచ్చు, రూలు అలా ఉందట. వాళ్ళు జవాబు ఇవ్వలేదు గానీ తీసేశారు. క్షమించండి అని ఒక్క ముక్క రాస్తే ఏం పోయేదో.

ఈ గొడవంతా నడుస్తుండగానే మా చెల్లెలి కూతురు వచ్చింది. ఇక్కడే పీహెచ్‌డీ చేస్తోంది, తీరప్రాంత మత్స్యకార మహిళల మీద, థీసిస్ ఇంగ్లీషులో. థీసిస్‌లో ఎంత భాగం వేరేవాళ్ళ రాతలతో కలుస్తోందో సాఫ్ట్‌వేరు లెక్కగట్టే పోలికల రిపోర్టులో 23 శాతం వచ్చిందని మొహం వేలాడేసుకుని కూర్చుంది. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లో పెట్టిన నియమాల్లో 10 శాతం దాకా శిక్ష లేదు, 10 నుంచి 40 మధ్య అయితే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్ళీ ఇవ్వాలి, 40 దాటితే ఒక ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. కొటేషన్లో పెట్టి పేరు చెప్పినవి, ఆధార గ్రంథాల పట్టిక, వరసగా 14 మాటల దాకా యాదృచ్ఛికంగా కలిసినవి, ఇవి లెక్కలోకి రావు. వాళ్ళ కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపులో "శాతం తగ్గించి ఇవ్వబడును" అని కాయితం అంటించి ఉందట, పేజీకి ఇంత అని. వాళ్ళు చేసేదల్లా మాట మార్చి మాట పెట్టడం. మన భాషలో చెప్పాలంటే "గ్రామీణ మహిళల జీవనోపాధి"ని "పల్లెటూరి ఆడంగుల బతుకుతెరువు" చేసి చేతిలో పెడతారు, సాఫ్ట్‌వేరు సంతోషిస్తుంది, చదివే గైడు ఏడుస్తాడు.

నేను చాప్టర్లు తిరగేశాను. నాకు ఇంగ్లీషు థీసిస్ చూసేంత చదువు లేదు గానీ మూడో చాప్టరు మరీ బాగుంది, అందుకే అనుమానమొచ్చింది. అడిగితే నిజం చెప్పింది. ఎప్పుడో ఎవరో తెలుగులో రాసిన ఎంఫిల్ థీసిస్ ఒకటి లైబ్రరీలో దొరికింది, అచ్చయింది కాదు, ఆ వర్గీకరణా ఆ వాదనా మొత్తం ఇంగ్లీషులోకి తిప్పుకుంది. ఆ చాప్టరుకి రిపోర్టులో వచ్చింది 2 శాతం. "తెలుగులో ఉంది కదా పెద్దమ్మా, సాఫ్ట్‌వేరు పట్టుకోదు" అంది, ఎంత మామూలుగా అంటే రోడ్డు ఖాళీగా ఉంది కదా సిగ్నల్ దాటేశాను అన్నట్టు.

నాకు మూడో అంతస్తు ఆంటీ గుర్తొచ్చారు. ఆంటీ ఎవరి రచననో పూర్తిగా వాడుకున్నారు కానీ తనదని అనలేదు. ఈ పిల్ల ఒక్క వాక్యం కూడా ఉన్నదున్నట్టు వాడుకోలేదు కానీ మొత్తం తనదే అంటోంది. కాపీరైట్ వేరు, గ్రంథచౌర్యం వేరు అని పుస్తకాల్లో రాస్తారే, అది ఆ సోఫా మీద కూర్చున్నప్పుడే నాకు అర్థమైంది. గిడుగు వ్యాసం ఒకటి తీసుకుని నా పేరు పెట్టుకుంటే కాపీరైట్ గడువు ఎప్పుడో తీరింది కాబట్టి ఎవరూ అనుమతి అడగరు, అయినా దొంగతనమే. బతికున్న రచయిత కథను పేరుతో సహా మొత్తం పెట్టేస్తే దొంగతనం కాదు, కానీ అనుమతి లేదు. నాలుగు వాక్యాలు పేరు చెప్పి ఉదహరించి ఇది తప్పు అని విమర్శిస్తే రెండిట్లో ఏదీ కాదు, 52వ సెక్షన్ దానికి చోటిచ్చింది, రచయితకి ఇష్టం లేకపోయినా సరే. పేరు చెప్పడం ఒక బాకీ, అడగడం ఇంకో బాకీ, ఒకటి తీర్చి రెండోది చెల్లయిందనుకుంటాం.

చట్టం ఎప్పుడూ గోడలే కడుతుందని కూడా కాదు. ఢిల్లీ యూనివర్సిటీలో రామేశ్వరి అని చిన్న ఫొటోకాపీ షాపు మీద 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి, పాఠానికి కావాల్సిన పేజీలు కలిపి పుస్తకంగా కుట్టి విద్యార్థులకి అమ్ముతున్నారని. ఆ కేసు వద్దని అమర్త్య సేన్ కూడా ఉత్తరం రాశారు, అదే ఆక్స్‌ఫర్డ్ ఆయన పుస్తకాలు కూడా వేస్తుంది. 2016లో హైకోర్టు పాఠం చెప్పడానికి అవసరమైనంత మేరకు అది తప్పు కాదంది, 2017లో వాళ్ళే కేసు వెనక్కి తీసుకున్నారు. మా పిల్లకి ఈ కథ బాగా నచ్చింది. అందులోంచి పేరు తీసెయ్యొచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదమ్మా అన్నాను. ఇద్దరం కూర్చుని మూడో చాప్టరుకి పదకొండు ఫుట్‌నోట్లు పెట్టాం. శాతం 2 దగ్గరే ఉంది.

ఇంతదాకా వచ్చాక నా బ్లాగు వైపు చూసుకోక తప్పలేదు. పైన బాపు బొమ్మ ఒకటి ఉండేది, చూసే ఉంటారు, ఎనిమిదేళ్ళు. ఎక్కణ్ణుంచి తెచ్చానో కూడా గుర్తు లేదు. బాపు గారు పోయింది 2014లో, ఇంకో 60 ఏళ్ళు లెక్కేస్తే నేను ఉండను. తీసేశాను, ఇప్పుడు ఉన్నది మా వంటింటి కిటికీ, నేనే తీశాను, బాలేదని తెలుసు. అక్షరాల ఫాంట్లు కూడా చూసుకున్నాను, అవి సిలికానాంధ్ర వాళ్ళు స్వేచ్ఛగా వాడుకోమని వదిలినవి, వాటి సంగతి నిశ్చింత.

మా ఆయన హార్డ్ డిస్కులో చందమామ పీడీఎఫ్‌ల గుట్ట ఉంది. దాని మీద ఇంట్లో పెద్ద యుద్ధమే అయింది. "కొందామంటే ఎవరూ అమ్మరు, పత్రిక ఆగిపోయింది, పిల్లలకి చదివి వినిపిస్తే ఎవరి నోటి దగ్గర కూడు లాగాను?" అంటాడు. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు, చట్టం ఒప్పుకోదని చెప్పగలను అంతే. అవే పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవులో వేసి అమ్మేవాడి మీద మాత్రం మా ఇద్దరికీ ఒకటే కోపం. కానీ చందమామ అంటే నాకు వేరే బాధ. వడపళనిలో కూర్చుని దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్ళు మనం ప్రాణం పెట్టి చదివాం, వాటి మీద ఆయన పేరు లేదు. పత్రికలో జీతానికి రాసిందాన్ని పత్రికల్లో వేసుకునే హక్కు యజమానిది, వేరే ఒప్పందమేమీ లేకపోతే చట్టం మాటా అదే. ఆ హక్కు కంపెనీది, సరే. పేరు వేస్తే ఏమయ్యేది?

ఇక అసలు తప్పు. రెండేళ్ళ కింద ఇక్కడ ఒక తమిళ కథకి నా అనువాదం పెట్టాను. రచయిత్రి ఉన్నారు, ఈ ఊళ్ళోనే. ఆవిడ పేరు పైన పెద్ద అక్షరాల్లో వేశాను, పుస్తకం పేరు వేశాను, కొనుక్కోండని కూడా రాశాను. అడగలేదు. అనువదించే హక్కు కూడా రచయితదే అని అప్పుడు తెలీదని అబద్ధం చెప్పను, తెలుసు, పేరు వేశాను కదా చాల్లే అనుకున్నాను. తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి పాటలు ఎవరైనా పాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు, ఎందుకంటే ఒకప్పుడు ఆ పాటల హక్కులు సినిమా నిర్మాత ఏవీ మెయ్యప్పన్ చేతిలో ఉంటే జనం గొడవ చేసి, 1949లో మద్రాసు ప్రభుత్వం చేత వాటిని తీసుకునేలా చేశారు, తర్వాత అవి అందరివీ అయ్యాయి. తమిళనాడులో ఇలా ప్రభుత్వమే కొని జనానికి వదిలిన రచయితలు ఇంకా ఉన్నారు, వారసులకి డబ్బిచ్చి మరీ. ఆ అలవాటులో ఉండి నేను తమిళం అంటేనే మనదే అనుకున్నానేమో. ఈవిడ బతికున్న మనిషి, ఈవిడవి ఎవరూ జాతికి ఇవ్వలేదు.

ఇదంతా అయ్యాక ఒక రాత్రి ఆ పోస్టు తెరిచి, మూలంతో పక్కపక్కన పెట్టుకుని చదివాను. చివర్లో ఒక వాక్యం ఎక్కువగా ఉంది. తమిళంలో కథ తలుపు సగం తెరుచుకున్న దగ్గర ఆగిపోతుంది, తెలుగులో మరీ అర్ధాంతరంగా ఉంటుందని నేనే ఆ తలుపు వేశాను. రాజమండ్రి నాన్నగారిని చంపినవాళ్ళు కూడా ఇలాగే, కథ ఇంకొంచెం బాగుంటుందనే చంపి ఉంటారు.

పోస్టు అదే రాత్రి తీసేశాను. ప్రచురణకర్త దగ్గర నంబరు తీసుకుని ఆవిడకి జరిగింది జరిగినట్టు రాశాను, చివరి వాక్యంతో సహా. మర్నాడు జవాబొచ్చింది, తమిళంలో, చిన్నదే. నాకు తెలుగు రాదు, మా ఎదురింట్లో తెలుగువాళ్ళున్నారు, వాళ్ళ చేత చదివించుకుని చెప్తాను, ముందు ఆ వాక్యం తీసేసి పంపండి అని.

తీసేసి పంపాను. పది రోజులైంది.